నిమ్మరసం పరీక్ష

బడిలో వాడే మామూలు సుద్దముక్క మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. కాసిని బుడగలొచ్చి ఆగిపోతాయి. ‘పొంగింది సార్!’ అని అరిచే పిల్లాడు ప్రతి తరగతిలోనూ ఒకడుండేవాడు. ‘ఉత్త నీళ్లలో వేసి చూడరా, అప్పుడూ అన్నే వస్తాయి’ అనేవాణ్ణి. సుద్దముక్క సన్నటి రంధ్రాల్లో దూరిన గాలి అది. అదే నిమ్మరసం కోడిగుడ్డు పెంకు మీద వేస్తే బుడగలు చాలాసేపు పుడుతూనే ఉంటాయి. అది కార్బన్ డయాక్సైడ్. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేటు. గోదావరి జిల్లాల హైస్కూళ్లలో నేను భౌతికశాస్త్రం చెబుతూ అరగదీసిన సుద్దముక్కల్లో ఉన్నది కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం.

వాటి తయారీ పెరట్లో చేసుకోగలిగినంత తేలిక. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే, దానిలో ఇమిడి ఉన్న నీటిలో ముప్పావు వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మిగులుతుంది. ఆ పొడిని నీళ్లలో జారుగా కలిపి, నూనె రాసిన అచ్చుల్లో పోస్తారు. పొడి తాను పోగొట్టుకున్న నీటిని మళ్లీ పట్టుకుని జిప్సంగా మారిపోతుంది. ఆ కాసేపూ అచ్చు చేతికి వెచ్చగా తగులుతుంది. తర్వాత ఎండబెట్టి డబ్బాల్లో సర్దడమే. ‘డస్ట్‌లెస్’ అని అమ్మేవి ఎక్కువగా కార్బొనేటువి, నిమ్మరసానికి పొంగుతాయి. వాటికి దుమ్ము రాదనుకోకండి. గాల్లో తేలకుండా కింద పడుతుంది, అంతే.

జిప్సం పుట్టడానికి ఉప్పునీళ్లు ఎండిపోతే చాలు. భూమిలో దొరికే అసలు సుద్దరాయికి మాత్రం ప్రాణులు కావాలి. దానికి పేరుపడ్డ చోటు ఇంగ్లండులోని డోవర్. అక్కడ సముద్రం ఒడ్డున తెల్లటి కొండచరియ 110 మీటర్ల ఎత్తు దాకా నిలువుగా లేచి ఉంటుంది. 1857లో సైక్లోప్స్ అనే బ్రిటిష్ ఓడ టెలిగ్రాఫ్ తీగ వేసే దారి కోసం అట్లాంటిక్ లోతులు కొలుస్తూ అడుగు బురద పైకి తీసింది. ఆ బురదను సూక్ష్మదర్శిని కింద చూసిన జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీకి గుండ్రటి బిళ్లలు కనిపించాయి. వాటికి కోకోలిత్‌లని పేరు పెట్టాడు. సుద్దరాయిలోనూ అవే ఉన్నాయి. 1868లో నార్విచ్‌లో కార్మికులను కూర్చోబెట్టుకుని ఆయన చేసిన ప్రసంగమంతా ఒక్క సుద్దముక్క గురించే. సైన్సు పాఠం ఎలా చెప్పాలో తెలియాలంటే మా టీచర్లందరూ చదవాల్సిన ప్రసంగం అది.

ఆ బిళ్లలు చేసేది కోకోలిథోఫోర్ అనే ఏకకణ నాచు. సముద్రంలో ఎండ తగిలే పైపొరలో బతుకుతుంది. ఒక్కో బిళ్లను కణం లోపలే తయారుచేసి బయటికి నెట్టి ఒంటికి కవచంలా తొడుక్కుంటుంది. చాలా బిళ్లలు మధ్యలో చిల్లున్న గారెలాగే ఉంటాయి, కాకపోతే వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఇంత చిన్నవి ఒంటరిగా అడుగుకు దిగాలంటే ఏళ్లు పడుతుంది, దారిలోనే కరిగిపోవచ్చు కూడా. కోపిపాడ్ అనే చిన్న రొయ్యజాతి జీవులు ఈ నాచును మేస్తాయి. అరగని బిళ్లలు వాటి మలంలో గుళికలుగా కట్టుకుని, ఆ బరువుతో చప్పున దిగిపోతాయి. పర్యాటకులు ఫొటోలు దిగే ఆ తెల్లటి చరియలో పెద్ద భాగం అలా చేరిందే!

పేరుకున్న వేగం ఉజ్జాయింపుగా వెయ్యేళ్లకు రెండు సెంటీమీటర్లు అనుకుందాం. మన సుద్దముక్క పొడవంత మందం చేరడానికి నాలుగు వేల ఏళ్లు. ఇదంతా సుమారు 10 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల మధ్య జరిగింది. అప్పట్లో సముద్రమట్టం ఎక్కువ, యూరప్‌లో చాలా భాగం నీట మునిగి ఉంది. నేల దూరం కావడంతో నదుల బురద పెద్దగా కలవలేదు, అందుకే ఆ తెలుపు. మెత్తదనానికి కారణం వేరు. ఇతర సున్నపురాళ్లలో తేలిగ్గా కరిగే గుల్లలుంటాయి. అవి కరిగి మళ్లీ గడ్డకడుతూ రేణువులను అతికిస్తాయి. కోకోలిత్‌లు త్వరగా కరగవు, కాబట్టి అతుకు తక్కువ, గోటితో గీస్తే పొడి రాలుతుంది.

మన తాండూరు, బేతంచర్ల బండలు కూడా సున్నపురాయే. కానీ అవి కోకోలిథోఫోర్లు పుట్టకముందే ఏర్పడ్డవి, వాటిలో ఈ బిళ్లల కోసం వెతికి లాభం లేదు. సుద్ద సముద్రం కాలానికి దగ్గరి చుట్టం కావాలంటే రాజమండ్రి పక్కన కాతేరుకు, లేదా గోదావరి అవతల పంగిడికి వెళ్లాలి. అక్కడి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రంలో ఏర్పడ్డ సున్నపురాయి ఉంది. అందులోని సూక్ష్మజీవుల గుల్లలను చదివి, డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గర్లోనే కింది లావా ఆగిందని భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించింది.

ఆ వినాశనంలో కోకోలిథోఫోర్ జాతుల్లో పదింట తొమ్మిది పోయాయి. మిగిలినవాటి సంతతిలో ఒకదానికి హక్స్‌లీ పేరు కలిపి ఎమిలియానియా హక్స్‌లీయై అని పెట్టారు. అది తెగ పెరిగిన వేసవిలో బ్రిటన్ చుట్టూ సముద్రం తెల్లబారి ఉపగ్రహ చిత్రాలకు కూడా చిక్కుతుంది. దాని బిళ్లలు అట్లాంటిక్ అడుగున ఇప్పటికీ పేరుకుంటున్నాయి. సుమారు అయిదు కిలోమీటర్ల లోతు దాటిన చోట్ల మాత్రం చల్లటి నీరు, ఒత్తిడి వాటిని నిలవనివ్వక కరిగించేస్తాయి.