గుండె తయారుచేసే మందు, బాక్టీరియా చేసిపెట్టే గుండె హార్మోను

ఫ్రీజర్‌లోంచి తీసిన చిన్న ప్లాస్టిక్ సీసా. అడుగున తెల్లటి పొడి ఉంటుంది, ఒక్కోసారి కంటికి ఆనదు కూడా. మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఓసారి తిప్పుతారు, మూతకు అంటుకున్న నలుసు సైతం కిందికి దిగాలని. ఎందుకంటే దీన్ని కొనేదీ ఖర్చుపెట్టేదీ మైక్రోగ్రాముల్లోనే. లేబుల్ మీద ‘రీకాంబినెంట్ హ్యూమన్ బీఎన్‌పీ’ అని ఉంటుంది. మనిషి గుండెలో ఊరే హార్మోనే ఇది. కానీ ఏ గుండెలోంచీ తీసింది కాదు, ఈ.కొలై బాక్టీరియా చేత చేయించింది.

గుండె హార్మోను తయారుచేస్తుందంటే ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు కాదు. రక్తాన్ని తోసే పంపు అనే అనుకున్నారు. 1956లో బ్రూనో కిష్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గినీపిగ్ గుండె పై గదుల కణాల్లో ముదురు రంగు గుళికలు చూశాడు. అదే ఏడాది మరో బృందం కుక్క గుండె ఎడమ పై గదిలో బెలూన్ ఉబ్బిస్తే మూత్రం ఎక్కువగా వస్తోందని గమనించింది. ఈ రెంటికీ సంబంధం ఉందని తేలడానికి పాతికేళ్లు పట్టింది.

తేల్చినవాడు అర్జెంటీనా నుంచి కెనడా వెళ్లిన అడోల్ఫో డి బోల్డ్. ప్రయోగం ఎంత సూటిదో చూడండి. ఎలుకల గుండె పై గదుల కండరం నూరి, దాని సారాన్ని మత్తులో ఉన్న మరో ఎలుక రక్తంలోకి ఎక్కించారు. మూత్రంలో పోయే ఉప్పు 30 రెట్లకు పైగా పెరిగింది, మూత్రం 10 రెట్లయింది, రక్తపోటు తగ్గింది. కింది గదుల సారంతో అలాంటి మార్పేమీ కనబడలేదు. 1981లో అచ్చయిన ఈ ఫలితంతో గుండె కూడా హార్మోను గ్రంథేనని లోకం ఒప్పుకోక తప్పలేదు. ఆ పదార్థమే ఏఎన్‌పీ. 1988లో జపాన్‌లో మత్సువో, కంగావాల బృందం పంది మెదడులో దీని తోబుట్టువు బీఎన్‌పీని కనిపెట్టింది. అది ఎక్కువగా పుట్టేది గుండె కింది గదుల్లోనేనని తర్వాత తెలిసింది.

ఒంట్లో ఉప్పూ నీరూ మితిమీరితే గుండె గోడలు సాగుతాయి. ఆ సాగుడే ఆజ్ఞ. కణాలు ప్రోబీఎన్‌పీ అనే 108 అమైనో ఆమ్లాల గొలుసు తయారుచేస్తాయి. ఎంజైములు దాన్ని రెండుగా కోస్తాయి: 32 ఆమ్లాల బీఎన్‌పీ, 76 ఆమ్లాల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. పనిచేసేది చిన్న ముక్కే. రక్తనాళాలను సడలించి, మూత్రపిండాల చేత ఉప్పును బయటికి పంపిస్తుంది. తన భారం దించుకునే మందును గుండె తానే తయారుచేసుకుంటోందన్నమాట.

ఇన్సులిన్‌ను తొలిరోజుల్లో పశువుల నుంచి తీసినట్టు దీన్నీ తీయవచ్చుగా అంటే కుదరదు. బీఎన్‌పీ జంతువు జంతువుకూ మారిపోతుంది. ఎలుకలో అది 45 ఆమ్లాలది. అందుకే మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టాల్సివచ్చింది. అక్కడా చిక్కే. ఇంత చిన్న ముక్కను బాక్టీరియా ఎంజైములు బతకనివ్వవు. కాబట్టి పెద్ద ప్రోటీనుకు జతచేసి పెంచి, శుద్ధిచేశాక కోసి తీసే పద్ధతి వచ్చింది. ఆపైన 10వ, 26వ స్థానాల్లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు గంధకపు బంధంతో కలిసి ఉంగరంలా చుట్టుకోవాలి. ఆ ఉంగరం లేకపోతే హార్మోను తన గ్రాహకానికి సరిగ్గా అతకదు.

ఇలా చేసిన బీఎన్‌పీ నెసిరిటైడ్ పేరుతో 2001లో అమెరికాలో మందుగా వచ్చింది. ఆశలు పెద్దవే. 2011లో ఏడు వేల మందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో మరణాలూ తగ్గలేదు, మళ్లీ ఆసుపత్రిలో చేరడమూ తగ్గలేదు. మందుగా అది గెలవలేదని ఒప్పుకోవాల్సిందే. నా లెక్కలో ఈ హార్మోను అసలు గెలుపు రక్తపరీక్షలో ఉంది. ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి ఉన్నది గుండె జబ్బా, ఊపిరితిత్తుల జబ్బా? 2002లో వెలువడిన, 1,586 మందిపై చేసిన అధ్యయనం మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల బీఎన్‌పీని గీటురాయిగా నిలబెట్టింది. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లవ వంతు. అంత సూక్ష్మాన్ని కొలిచే కిట్ సరిగ్గా చదువుతోందో లేదో తేలాలంటే, మోతాదు ముందే తెలిసిన శుద్ధమైన హార్మోను చేతిలో ఉండాలి. ప్రయోగశాలల్లో ఈ పొడికున్న విలువ అక్కడే.

అయితే బాక్టీరియాకు చేతకానిది ఒకటుంది. మన కణాలు ప్రోబీఎన్‌పీకి చక్కెర అణువులు తగిలిస్తాయి, ఈ.కొలై తగిలించదు. ఆ చక్కెరలు కొన్ని యాంటీబాడీలకు అడ్డుపడి కొలతను తగ్గించి చూపిస్తాయి. అందుకని అవసరమైన చోట మనిషి కణాల్లోనే పెంచిన ప్రోటీను వాడుతున్నారు. కిట్ కంపెనీ మారితే అంకె మారడానికి ఇదీ ఒక కారణమే.

ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండూ ఒకే పరీక్షవేనా, ఒకే ల్యాబ్‌వేనా చూడండి. బీఎన్‌పీ అంకె వేరు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంకె వేరు. సాకుబిట్రిల్ అనే గుండె మందు కలిసిన మాత్ర వాడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. బీఎన్‌పీని విరగ్గొట్టే ఎంజైమును ఆ మందు ఆపుతుంది కనుక జబ్బు ముదరకపోయినా బీఎన్‌పీ పెరగవచ్చు. అలాంటివారికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్షే నమ్మదగింది.