మీకు తెలుసా? పన్ను కట్టలేక ఊరంతా పొలిమేర దాటింది

1921లో చీరాల, పేరాల జనం మున్సిపల్ పన్ను మాకొద్దంటూ ఇళ్లు వదిలేసి, ఊరి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు అక్కడే కాపురాలు చేశారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టుకున్నారు.

అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి సుమారు 4,000 రూపాయలుండే పన్ను ఒక్కసారిగా 40,000 దాకా పోయింది. మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగే నేతగాళ్లు ఎక్కువగా ఉన్న ఊరది. పదింతలు కడితే మాకు ఒరిగేదేమిటని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే!

1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను ఎగ్గొట్టి జప్తులకూ జైళ్లకూ సిద్ధపడటం ఒక దారి, ఊరు విడిచి వెళ్లడం రెండోదని చెప్పారు. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం రెండో దారి పట్టారు. మున్సిపల్ పన్ను మున్సిపాలిటీ హద్దుల్లోనే చెల్లుతుంది. హద్దు దాటినవాణ్ణి అడిగే హక్కు బిల్లు కలెక్టరుకు లేదు. చట్టం మాటను చట్టానికే అప్పజెప్పిన ఆ తెలివికి ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. వలసలో కట్టు తప్పకుండా చూసింది దుగ్గిరాల తయారుచేసిన రామదండు వాలంటీర్లు.

తర్వాత దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైల్లో పెట్టారు. చేతిలో డబ్బూ అయిపోయింది. జనం తిరిగొచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది. అయినా దాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు.

ఎందుకంటే, వాళ్లు ఇల్లు విడిచి అడగాల్సొచ్చిన మాట ఇవాళ చట్టంలో ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలి. కొత్త పన్ను వేయాలన్నా, ఉన్నది పెంచాలన్నా ఆ ప్రతిపాదన అక్కడికి రావాల్సిందే. మిర్చి కోతల్లోనో పత్తి తీతల్లోనో ఉన్నామని గ్రామసభకు వెళ్లనివారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఇంటిపన్ను రసీదు చేతిలో ఉన్న ప్రతివారికీ వీధిదీపం, మంచినీళ్లు, మురుగుకాల్వ పద్దులు అడిగే హక్కుంది.

సభలో జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన బడ్జెట్‌ను ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలని అందులోని 4వ సెక్షన్ చెబుతుంది. పెట్టకపోతే తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో దానికి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి.