వామాకు వేరు.. వాము వేరు
పెరట్లోనో, మేడపై కుండీలోనో వామాకు మొక్క కనిపించని వీధి తెలుగునాట అరుదు. దళసరిగా, సన్నని నూగుతో, అంచున నొక్కులతో ఉండే ఈ ఆకును నలిపితే ఘాటైన వాసన గుప్పుమంటుంది. అందువల్లనే వాము గింజలు ఈ మొక్కకే కాస్తాయని పలువురు భ్రమపడుతుంటారు. నిజానికి వంటింటి వాము కొత్తిమీర, జీలకర్రల కుటుంబానికి చెందినది. వామాకు తులసి, పుదీనాల కుటుంబంలోనిది. థైమాల్ అనే సుగంధ పదార్థం రెండింటిలోనూ ఉండడమే వాసన కలియడానికి కారణం. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్కకు కర్పూరవల్లి అనే పేరు కూడా ఉంది. కన్నడిగులు దొడ్డపత్రె అంటారు.

దీనికోసం కడియం నర్సరీల దాకా వెళ్లనక్కరలేదు. పొరుగింటివారిని జానెడు కొమ్మ అడిగి మట్టిలో గుచ్చితే చాలు, నాటుకుంటుంది. నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది.

వానాకాలపు సాయంత్రాలలో వామాకు బజ్జీలకు సాటి లేదు. ఆకులో నీటిపాలు ఎక్కువ కనుక కడిగిన పిమ్మట తడి లేకుండా తుడవాలి, లేకుంటే నూనె చిట్లుతుంది. శనగపిండిలో కొద్దిగా బియ్యప్పిండి, ఉప్పు, కారం చేర్చి జారుగా కలుపుకోవాలి. విడిగా వాము వేయవలసిన పని లేదు. ఆకులను నేతిలో వాడేలా వేయించి, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్రతో నూరి, పెరుగులో కలిపి తాలింపు పెడితే కమ్మని పెరుగుపచ్చడి సిద్ధమవుతుంది. కన్నడ సీమలో దీనినే తంబుళి అంటారు.

జలుబు, దగ్గు, అజీర్తికి ఆకును వెచ్చచేసి రసం తీసి ఇవ్వడం తరతరాల అలవాటు. ఇందులోని తైలాలు కొన్ని సూక్ష్మజీవులను అణచగలవని ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజు పాత్రలో కనిపించిన ఫలితం రోగి శరీరంలోనూ కనిపిస్తుందని చెప్పలేం. పెద్దల జలుబుకు రసం తాగితే పోయేదేమీ లేదు. పసిపిల్లల విషయంలోనే ప్రమాదం పొంచి ఉంది. రసం పోశాం కదా, తెల్లవారాక చూద్దామని కూర్చుంటే న్యుమోనియా ముదిరిపోతుంది. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో నిండు నిమిషం పాటు శ్వాసలు లెక్కించాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేళ్లలోపు పిల్లలకు 40 లేదా అంతకు మించి ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోనికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అర్ధరాత్రి అయినా 108కు ఫోన్ చేయవచ్చు. రసంలో తేనె కలిపే అలవాటు ఉన్నవారు ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించరాదు. దానివల్ల బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి సోకే ముప్పు ఉంది.