డొమైన్ పేరు ఎవరిది?

ఇంటర్‌నెట్‌లో వెబ్‌సైటుకు చిరునామాగా పనిచేసే డొమైన్ పేరును, ముందు ఎవరు అడిగితే వారికే రిజిస్ట్రార్లు కేటాయిస్తారు తప్ప, అడిగినవారికి ఆ పేరుపై హక్కు ఉన్నదా అని విచారించరు. పేరున్న సంస్థల పేర్లను ముందుగా చేజిక్కించుకొని వాటిని ఆ సంస్థలకే అధిక ధరకు అమ్మజూపడం, లేదా ఆ పేరు నమ్మి వచ్చేవారిని తమ వ్యాపారంవైపు మళ్లించుకోవడం ఈ వెసులుబాటు నుంచే పుట్టుకొచ్చింది. దీనినే సైబర్ స్క్వాటింగ్ అంటారు.

ఈ విషయమై భారత సుప్రీంకోర్టు 2004 మే 6న ఇచ్చిన తీర్పుకు మూలమైన వివాదంలో తెలుగువారికి బాగా తెలిసిన పేరే ఉన్నది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అప్పట్లో అనుబంధ సంస్థగా ఉన్న సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలను కూర్చి ‘సిఫీ’ అన్న మాటను కల్పించుకొని, 1999లో సిఫీనెట్.కామ్ మొదలైన డొమైన్లను నమోదు చేసుకున్నది. ఆ తరువాత మరొక సంస్థ అదే పేరును ఒక్క ‘ఎఫ్’ అదనంగా చేర్చి వాడుకోగా, బెంగళూరు సివిల్ కోర్టు దానిని నిలుపుచేసింది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును తోసిపుచ్చింది. అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని తొలి అక్షరాలతో తమ పేరు ఏర్పడిందన్న ప్రతివాదుల వివరణను, వాడుక మొదలైన తరువాత అల్లిన సమర్థనగానే సుప్రీంకోర్టు భావించి, సివిల్ కోర్టు ఉత్తర్వును పునరుద్ధరించింది. డొమైన్ పేర్లకు ప్రత్యేక చట్టం లేకపోయినా, తమ సరుకును ఇతరుల సరుకుగా నమ్మించి అమ్మడాన్ని అడ్డుకునే ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం వాటికీ వర్తిస్తుందని చెప్పడమే ఈ తీర్పులోని అసలు బలం.

ఇలాంటి వివాదాలను కోర్టుకెక్కకుండా తేల్చుకునేందుకు డొమైన్ వ్యవస్థను పర్యవేక్షించే ఐక్యాన్ 1999లో ఒక విధానాన్ని తెచ్చింది. పేరు తన ట్రేడ్‌మార్కును పోలి గందరగోళం కలిగిస్తున్నదని, అవతలివారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని ఫిర్యాదుదారు నిరూపించాలి. గెలిచినా పేరు చేతికి రావడమో రద్దు కావడమో తప్ప నష్టపరిహారం దక్కదు. అమెరికాలో మాత్రం 1999 నాటి చట్టం కింద ఒక్కొక్క పేరుకు వెయ్యి నుంచి లక్ష డాలర్ల వరకు నష్టపరిహారాన్ని కోర్టు విధించవచ్చు. ఎవరో నిజాయితీగా ముందే తీసుకున్న పేరును లాక్కోవడానికి పెద్ద సంస్థలు ఐక్యాన్ విధానాన్నే ఆయుధంగా వాడిన సందర్భాలూ లేకపోలేదు.

ఇలాంటి చిక్కుల్లో పడకుండా ఉండాలంటే, ప్రవాస తెలుగు సంఘాలు కూడా తమ డొమైన్‌ను ఏదో ఒక కార్యవర్గ సభ్యుని సొంత ఖాతాలో కాక సంఘం పేరిటే నమోదు చేయించి, గడువు తీరకముందే పునరుద్ధరించుకోవాలి. గడువు దాటి విడుదలైపోయిన పేరును ఎవరైనా తీసుకోవచ్చు.