ఊడని పాలపన్ను

మా అమ్మాయికి 11 ఏళ్లు నిండాయి. పైన కుడివైపు పాల కోరపన్ను ఎప్పుడో ఊడి కొత్తది దిగుతోంది. ఎడమవైపుది మాత్రం కదలనైనా కదలదు. "గట్టి పన్నమ్మా, ఉండనీ" అన్నారు మా అత్తగారు. నేనూ ఊరుకున్నాను. ఓ రోజు జడ వేస్తూ అద్దంలో చూస్తే, పిల్ల గడ్డం ఒక పక్కకి జరిగినట్టు అనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చెవి దగ్గర్నుంచి చెవి దాకా దవడ మొత్తం ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే తీశారు. ఓపీజీ అంటారట. తెర మీద చూడగానే గుండె జారిపోయింది. ఒక పక్క దవడ ఎముక రెండో పక్క కన్నా వెడల్పుగా ఉంది! "ఆపరేషన్ చేయాలా?" అనేశాను.

ఆవిడ నవ్వారు. "ఎముకే కాదు, అటువైపు దంతాలూ పెద్దవిగానే ఉన్నాయి చూడండి. ఒక పక్క దంతాలన్నీ పెద్దవి ఎవరికైనా ఉంటాయా? తీసేటప్పుడు పాప తల కాస్త తిప్పింది, అంతే" అన్నారు. అందుకే దవడ వంకరో కాదో ఈ ఒక్క బొమ్మతో తేల్చరు. అవసరమైతే ముఖం ఎదురుగా పడేలా ఇంకొకటి తీస్తారు. ముందు పాపని నోరు బాగా తెరవమన్నారు. గడ్డం మధ్యలోకి వచ్చేసింది! పళ్లు కరిచినప్పుడే పక్కకి పోతోంది. పై దవడ ఇరుకై, పళ్లు సరిగా కలవక, కింది దవడ అలా జారుతోందట. పై దవడని వెడల్పు చేసే పరికరం పెడతామన్నారు.

"అసలు చూడాల్సింది ఇదీ" అని ఆవిడ వేలు పెట్టి చూపించింది నేను చూడనే లేదు. పాలపన్ను పైన, ఎముకలో, అసలు కోరపన్ను ఏటవాలుగా పడుకుని ఉంది. దాని మొన పక్క పన్ను వేరు మీదికి వచ్చేసింది. అలాగే వదిలేస్తే ఆ వేరుని కరిగించేయవచ్చు. నొప్పి పుట్టదు కాబట్టి మనకి తెలియను కూడా తెలియదు. కోణం మార్చి ఇంకో చిన్న ఎక్స్‌రే తీసి, పన్ను అంగిలి వైపు ఉందని తేల్చారు.

"ఆడపిల్లకి ఇన్ని ఎక్స్‌రేలా?" అని ఇంట్లో గొడవ. ఓపీజీకి పడే కిరణాలు, మామూలుగా కొద్ది రోజుల్లో ప్రకృతి నుంచి మనందరికీ అందేటంతేనట.

పాలపన్ను తీసేస్తే లోపలి దానికి చాలాసార్లు దారి దొరుకుతుంది. 1988లో స్వీడన్ వైద్యులు ఇలా అంగిలి వైపు మళ్లిన 46 కోరపళ్లకి ఈ పని చేసి చూస్తే 36 దారికొచ్చాయి. మొన పక్క వేరుని ఎంత దాటితే ఆశ అంత తక్కువ. మా అమ్మాయిది సగం దాటలేదు.

పై కోరపళ్లు మామూలుగా 11, 12 ఏళ్లకి వస్తాయి. కానీ పదో ఏటికే పై పెదవి ఎత్తి, పాల కోరపన్ను పైన చిగురు మీద వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. మీ పిల్లలకి రెండు పక్కలా తడిమి చూడండి. ఒక పక్కే తగిలితే డాక్టరుకి చూపించండి. నాకీ సంగతి ఏడాది ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో.

పాలపన్ను తీయించి ఆరు నెలలైంది. మొన్నటి ఎక్స్‌రేలో కోరపన్ను కాస్త నిటారుగా తిరిగింది, ఇంకా బయటికి రాలేదు. పొద్దున్నే పళ్లు తోముకున్నాక అద్దం ముందు పెదవి ఎత్తి తడుముకోవడం ఇప్పుడు మా అమ్మాయి పని.