కొమ్ముల రంగు చూసి ఎద్దును కొంటామా?

మా నార్కట్‌పల్లి రైతు అంగడికి పోతే ఎద్దు కొమ్ములకు వేసిన రంగు చూడడు. పళ్లు లెక్కపెడతాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అటువంటి ఇంట పుట్టిన నేను లాప్‌టాప్ విషయంలో మాత్రం రంగు చూసే మోసపోయాను. పోయిన ఏడు పత్తి పైసలతో నాన్న కొనిచ్చాడు. తీరా చూస్తే 4 జీబీ ర్యామ్, అదీ బోర్డుకే అతికించినది. పెంచే వీల్లేదు. రికార్డు రాస్తుంటే మధ్యలో ఆగిపోయేది. "ఏం బిడ్డా, గిది గూడ మొరాయిస్తదా?" అన్నాడు నాన్న. ఆ మాటే ఈ వ్యాసం రాయించింది.

మిత్రులారా, మొదట చూడవలసింది ప్రాసెసర్ తరం. ఐ5-1235యు అని ఉంటే 12 అంటే పన్నెండవ తరం. చివరి 'యు' తక్కువ కరెంటు తాగే రకం. 'హెచ్' బలమైనదే గాని వేడి ఎక్కువ. ఐ7 అనగానే మురిసిపోవద్దు. ఆరో తరం ఐ7 కన్నా పన్నెండవ తరం ఐ3 చాలా పనుల్లో ముందుంటుంది.

రెండవది ర్యామ్. 8 జీబీకి తగ్గవద్దు, 16 ఉంటే నిశ్చింత. ఖాళీ స్లాటు ఉందా అని తప్పక అడగాలి. హార్డ్ డిస్కు కాక ఎస్‌ఎస్‌డి ఉండాలి. మిషను చప్పున తెరుచుకునేది దానివల్లనే.

ఇక ఆటలు! వాలొరాంట్, మైన్‌క్రాఫ్ట్ వంటివి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే, సెట్టింగులు తగ్గించుకుంటే నడుస్తాయి. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే ఒకే ర్యామ్ కన్నా రెండు జతగా ఉంటే ఆట సాఫీగా సాగుతుంది. పెద్ద ఆటలకు వేరే కార్డు కావాలి. దానితోపాటు ధర, బరువు, వేడి కూడా పెరుగుతాయి.

బ్యాటరీ లెక్క మన ఫిజిక్సే. 45 వాట్-అవర్ల బ్యాటరీని 9 వాట్ల రాతపనికి వాడితే 5 గంటలు. 30 వాట్ల ఆటకైతే గంటన్నరే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయి ఆఫీసుల్లో వాడిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వంటివి కొనదలచినవారికి ఒక హెచ్చరిక. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదవ తరం, ఆపైవే పనికొస్తాయి. బ్యాటరీ రిపోర్టు తీయించండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగమే ఉంటే, ఆ ఎద్దు పళ్లు అరిగినట్టే!

నా 4 జీబీ మిషనును పారేయలేదు. ఉచితంగా దొరికే తేలికపాటి లినక్స్ వేసుకున్నాను. ఆటలు లేవు గాని రికార్డులు సాగుతున్నాయి. ఈ వ్యాసమూ దాని మీదనే రాశాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పైసలు చేతులు మారకముందే నాలుగు ప్రశ్నలు అడగండి. అడగడానికి సిగ్గుపడితే, ఆ సిగ్గు ఖరీదు ఇంటికాడ నాన్న కట్టవలసి వస్తుంది.