మీకు తెలుసా? జట్టులో ఆఖరి మాట ఎవరిది

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం గెలిచిన స్వర్ణాలు రెండే రెండు. ఒకటి 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో. ఆ రెండిటికీ కోచ్ ఒక్కరే, హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ సంగతి చాలామందికి తెలుసు. ‘మైదాన్’ సినిమా వచ్చాక ఇంకా ఎక్కువమందికి తెలిసింది. అంతగా తెలియనిది ఇంకొకటుంది. రహీం సాబ్ ఒక్క కోచే కాదు. 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. అంటే మైదానంలో ఈల, ఆఫీసులో కలం రెండూ ఆయన చేతిలోనే ఉండేవి.

ఇది ఎంత అరుదో తెలియాలంటే అమెరికా వెళ్లి చూడాలి. మన కోనసీమ పిల్లలు ఉద్యోగాలకెళ్లి, ఆదివారాలు టీవీకి అతుక్కుపోయి చూసే ఫుట్‌బాల్ లీగుంది కదా, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట, అందులో 32 జట్లు. మామూలుగా ప్రతి జట్టుకీ ఇద్దరు పెద్దలుంటారు. జనరల్ మేనేజర్ ఆటగాళ్లను తెస్తాడు. కాలేజీల నుంచి కొత్తవాళ్లను ఎంచుకోవడం, ఒప్పందాలు రాయడం, జీతాలన్నీ కలిపి లీగు పెట్టిన పరిమితి దాటకుండా చూసుకోవడం అతని పని. వచ్చినవాళ్లతో ఆట ఆడించేది కోచ్. ఓడితే ఊరంతా తిట్టేది కోచ్‌నే.

బిల్ పార్సెల్స్ అనే కోచ్ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 1997 జనవరిలో ఫైనల్‌దాకా తీసుకెళ్లి, ఆ వెంటనే తప్పుకున్నాడు. అంతకుముందు ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో తన మాట కాదని యాజమాన్యం వేరేవాణ్ని తీసుకుంది. వంట చేయమన్నప్పుడు కొన్ని సరుకులైనా నన్ను కొననివ్వాలి కదా అన్నది ఆయన వాదన. ఈ మాట మనవైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లికి వంట మేస్త్రి సరుకుల లిస్టు రాసిస్తాడు, కొనేది పెళ్లివారు. చవగ్గా వచ్చిందని పాత మినప్పప్పు తెచ్చిపడేస్తే తోపు కుదరదు, బూరెలు నూనెలో విచ్చుకుపోతాయి. పంక్తిలో మాట పడేది మాత్రం మేస్త్రి.

అలాగని కొట్టూ పొయ్యీ రెండూ కోచ్ చేతికే ఇచ్చేస్తే సరిపోతుందా? అమెరికాలో ఆ ముచ్చటా తీరింది. పేట్రియట్స్‌కే తర్వాత కోచ్‌గా వచ్చిన బిల్ బెలిచిక్ ఆటగాళ్ల ఎంపికలో కూడా తుది మాట తనదిగా నడిపి ఆరు టైటిళ్లు గెలిచాడు. హ్యూస్టన్‌లో కోచ్ బిల్ ఓబ్రయన్‌కి 2020 జనవరిలో జనరల్ మేనేజర్ కుర్చీ కూడా ఇచ్చారు. మార్చిలో డియాండ్రె హాప్కిన్స్ అనే మేటి ఆటగాణ్ని వదిలేసుకున్నాడు. కొత్త సీజన్లో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, అక్టోబరుకల్లా రెండు కుర్చీలూ పోగొట్టుకున్నాడు. సియాటిల్‌లో మైక్ హోమ్‌గ్రెన్ కథ ఇంకో రకం. 1999లో రెండు పదవులతో వచ్చాడు. నాలుగు సీజన్లయ్యాక మేనేజర్ పదవి తీసేశారు. ఒట్టి కోచ్‌గా మిగిలాకే జట్టును మొదటిసారి లీగు ఫైనల్ సూపర్ బౌల్‌కి చేర్చాడు. డాలస్ కౌబాయ్స్‌లో యజమాని జెర్రీ జోన్సే జనరల్ మేనేజర్. కోచ్ జిమ్మీ జాన్సన్‌తో కలిసి వరసగా రెండు టైటిళ్లు గెలిచి, ఘనత ఎవరిదన్న పేచీతో 1994లో విడిపోయారు. గెలిచినా పడదు, ఓడినా పడదు!

మరి రహీం సాబ్ ఆ రెండు కుర్చీలతో ఏం చేశారు? నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. కోచ్‌గా ఆయన చేతికింద ఉన్నది సిటీ పోలీసు జట్టు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టది. కోచ్ తన జట్టు కుర్రాళ్లకే నేర్పగలడు. కార్యదర్శి అయితే ఊళ్లో జరిగే పోటీల నియమాలే మార్చగలడు. రహీం అదే చేశారు. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టించారు. బంతి కాలికి తగిలిందంటే ఆపి విన్యాసాలు చేయడానికి వీల్లేదు, వెంటనే పక్కవాడికి అందించాల్సిందే. బలహీనమైన కాలితో ఆడే పోటీలూ నడిపించారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు అక్కడ ఎడమకాలితోనే తన్నాలి.

ఒక్కసారి ఊహించుకోండి. గోల్ ఎదురుగా బంతి దొరికింది, కుడికాలు తన్నుకొచ్చేస్తోంది, అయినా ఆపుకుని ఎడమకాలు వాడాలి. ఒక సీజన్ అలా ఆడితే ఆ కుర్రాడికి రెండు కాళ్లూ వస్తాయి. ఇది ఏ ఒక్క జట్టో చేసే సాధన కాదు, ఊరు ఊరంతా చేసే సాధన. హైదరాబాద్ నుంచి ఒకరి తర్వాత ఒకరు భారత జట్టులోకి వెళ్లారంటే నా లెక్కలో అసలు కారణం ఇది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో సికిందరాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ కూడా హైదరాబాదు వాళ్లే. రహీం పోయాక కూడా ఆ పంట ఆగలేదు. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు ఛాతీ మీద ఉన్న పేరు ఆంధ్రప్రదేశ్. అప్పటికి మన గోదావరి జిల్లాలదీ అదే రాష్ట్రం కదా!

జకార్తాలో ఆయన ఒట్టి కోచే, అయినా ఆ ధైర్యం చూడండి. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, వెనక వరసలోనూ ఉంచలేదు. ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒక గోల్ కొట్టాడు జర్నైల్. ఫైనల్లో ఇంకో గోల్ పి.కె. బెనర్జీది. స్కోరు 2-1. తేదీ 1962 సెప్టెంబర్ 4. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచొచ్చి ఆ మ్యాచ్ ఆడాడు. ఇలాంటి నిర్ణయాలు కమిటీ కూర్చుని తీసుకునేవి కావు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీంను తీసుకుపోయింది.

ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలుసా? ఫుట్‌బాల్ పుట్టిన దేశంలో జాతీయ జట్టును ఎంచేది సెలక్షన్ కమిటీ! వాల్టర్ వింటర్‌బాటమ్ 1946 నుంచి 1962 దాకా మేనేజర్‌గా ఉన్నా జట్టు ఎంపిక పూర్తిగా ఆయన చేతిలో లేదు. జకార్తా ఫైనల్ అయిన మరుసటి నెలలో ఆల్ఫ్ రామ్సేను పిలిచారు. జట్టును నేనొక్కణ్నే ఎంచుకుంటానంటేనే వస్తానన్నాడాయన. ఒప్పుకున్నారు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచకప్పు గెలిచింది, ఇప్పటికీ వాళ్లకున్నది అదొక్కటే.

ఆట తెలియని చేతికి పెత్తనం చిక్కితే ఏమవుతుందో చెప్పడానికి క్రికెట్‌లోకి ఒక్క అడుగు వేస్తాను. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు కెప్టెన్ విజయనగరం మహారాజ్‌కుమార్ ‘విజ్జీ’. జట్టులో సి.కె. నాయుడంతటివాడు ఉండగా, పలుకుబడి ఆయన్ని కెప్టెన్ని చేసింది. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. సిరీస్ 0-2తో పోయింది. మరుసటి ఏడాది బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్ తప్పు లేదని తేల్చింది.

మళ్లీ ఫుట్‌బాల్. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్లో అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చి ఆకాష్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2021లో క్లబ్ లిస్టన్‌ను కోల్‌కతా జట్టుకు అమ్మేసింది. కోచ్ తీర్చిదిద్దడం, ఆఫీసు అమ్ముకోవడం ప్రపంచమంతటా ఉన్నదే. అయినా 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగు కప్పు తెచ్చారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరక్కముందే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. అప్పటి కోచ్ తంగ్‌బోయ్ సింగ్తోకు జట్టు మీద పూర్తి అధికారం ఉంటే మాత్రం ఏం చేస్తాడు, బరిలోకి దింపడానికి అనుభవమున్న ఆటగాళ్లు మిగిలితే కదా? ఇప్పుడా క్లబ్ హైదరాబాదులోనే లేదు, ఢిల్లీకి తరలిపోయింది. రహీం నడిపిన ఊరికి ఈ గతి పట్టడం నాకు నిజంగా బాధ.

కోచ్ ఎంపికను నమ్మితే ఎంత మేలో చూడాలంటే మాత్రం అమలాపురం వెళ్లండి. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిది ఆ ఊరే. అతన్నీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జంట చేసింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ కోర్టు వెనకనుంచి స్మాష్‌లు బాదేవాళ్లే, నెట్ దగ్గర ఆడేదెవరని వాళ్లకే అనుమానం. టాన్ వినలేదు, చిరాగ్‌ను నెట్ దగ్గరికి పంపాడు. 2023లో ఆ జంట ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయింది. మన బ్యాడ్మింటన్‌కు ఆసియా క్రీడల్లో అదే మొదటి స్వర్ణం.